ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్‌తో గెలాక్సీలు, నీహారికలు చూడటం ఎలా

ఇక్కడి లెక్కలన్నీ 8 అంగుళాల డాబ్సోనియన్‌కి (తిరిగే పీఠం మీద పెట్టి చేత్తో జరిపే అద్దపు టెలిస్కోప్) వేసినవి: అద్దం వ్యాసం 200 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1200 మి.మీ., రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎఫ్/6. మొదటి టెలిస్కోప్ కొనేవాళ్లకు మేం చెప్పేది కూడా ఇదే. మీ దగ్గర వేరే సైజుది ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఒక గెలాక్సీ కనబడుతుందా లేదా అన్నది దాని వెలుగు ఒక్కటే తేల్చదు. దాని వెలుగుకీ, వెనక ఉన్న ఆకాశపు వెలుగుకీ ఉన్న తేడా తేలుస్తుంది. ఈ తేడాను ఏ టెలిస్కోపూ పెంచలేదు. చుక్కలా కాకుండా పరుచుకుని ఉన్న మసకను టెలిస్కోప్ పెద్దది చేసి చూపిస్తుందే గానీ, దాని మీది ఒక్కో భాగాన్ని మామూలు కంటికి కనబడేదానికంటే కాంతివంతం చేయలేదు. అందుకే చీకటి చోటు, చీకటికి అలవాటుపడిన కన్ను, సరైన మాగ్నిఫికేషన్ అనే మూడింటి మీదే మిగతా అంతా ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు ట్రయాంగులం గెలాక్సీ ఎం33 (మెస్సియర్ జాబితాలో 33వది) మాగ్నిట్యూడ్, అంటే వెలుగును చెప్పే అంకె, 5.7. రింగ్ నెబ్యులా ఎం57 మాగ్నిట్యూడ్ 8.8. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ కాబట్టి, లెక్క ప్రకారం ఎం33 దాదాపు 17 రెట్లు వెలుగైనది. అయినా పట్టణం నుంచి ఎం57 తేలిగ్గా దొరుకుతుంది, ఎం33 జాడ కూడా కనబడదు. ఎం33 వెలుగంతా ఒక డిగ్రీకి పైగా పరుచుకుని పలచబడిపోయింది. ఎం57 వెలుగు ఒకటిన్నర ఆర్క్ నిమిషాల (ఒక ఆర్క్ నిమిషం డిగ్రీలో 60వ వంతు) లోపే ఇమిడి ఉంది. జాబితాలో మాగ్నిట్యూడ్ చూసినప్పుడల్లా పక్కనే సైజు కూడా చూడండి.

రాత్రి, చోటు

పంచాంగం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. బహుళ అష్టమి నాడు చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి వస్తాడు. అప్పటి నుంచి అమావాస్య దాటి శుద్ధ తదియ వరకు రాత్రి మొదటి భాగంలో మంచి చీకటి దొరుకుతుంది. సూర్యాస్తమయం కాగానే మొదలుపెట్టకండి. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కిందికి దిగితేనే పూర్తి చీకటి. మన అక్షాంశాల్లో దానికి సుమారు గంటా పావు పడుతుంది.

ఊరి కాంతి ఏ దిక్కున ఉందన్నది, అది ఎంత దూరాన ఉందన్నదంత ముఖ్యం. తెలుగు రాష్ట్రాల నుంచి కనబడే అపురూపమైన వస్తువులు చాలావరకు దక్షిణాన, తక్కువ ఎత్తులో ఉంటాయి. కాబట్టి నగరానికి దక్షిణంగా వెళ్లి, నగర కాంతిని వీపు వెనక పెట్టుకోండి. హైదరాబాద్ వాళ్లకు నాగర్‌కర్నూల్ వైపు వెళ్లడం మెదక్ వైపు వెళ్లడం కంటే మేలు. కోస్తాలో సముద్రం వైపు ఆకాశం చీకటిగానే ఉంటుంది గానీ తేమ ఎక్కువ. చీకటి కోసం వెతుక్కోవలసింది ఔత్సాహికులే కాదు. 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల్లో నగరం వదిలి జపాల్-రంగాపూర్‌కి వెళ్లింది.

తెలిసినవాళ్ల పొలమో తోటో అన్నిటికంటే మంచిది. మోటారు స్టార్టర్ డబ్బా దగ్గరి బల్బు ఆర్పించుకోండి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ముందే చెప్పండి, కాళ్లకు బూట్లు వేసుకోండి. నల్లమల అడవి దారిలో ఆగి చూడాలనుకోవద్దు. రాత్రి ప్రయాణంపై ఆంక్షలున్నాయి, అది పులులు తిరిగే అడవి.

ఉత్తర దేశాల పుస్తకాలు ఆకాశం నాణ్యతను ధ్రువ నక్షత్రం చుట్టుపక్కల చుక్కలతో పరీక్షించమంటాయి. మనకు ధ్రువుడు 13 నుంచి 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అక్కడి పొగమంచులో ఆ పరీక్ష చెల్లదు. శరదృతువులో పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు కలిసి చేసే పెద్ద చతురస్రం నడినెత్తి దగ్గరికి వస్తుంది. దాని లోపల మామూలు కంటితో చుక్కలు లెక్కపెట్టండి. ఒక్కటీ కనబడకపోతే ఆ రాత్రి గుచ్ఛాలు (నక్షత్రాల గుంపులు), జంట నక్షత్రాలు చూసుకోండి. పదికి దగ్గరగా లెక్కపెట్టగలిగితే గెలాక్సీలకు వెళ్లండి.

వానలు వెనుదిరిగిన తర్వాత కడిగినట్టుండే అక్టోబర్, నవంబర్ రాత్రులను వదులుకోవద్దు. మే నెల ఆకాశంలో మబ్బు లేకపోయినా దుమ్ము ఉంటుంది. మినుకుమినుకుమనే నక్షత్రాలను చూసి గాలి బాగా లేదని వెనక్కి రాకండి. గెలాక్సీలకు కావలసింది పారదర్శకత. గాలి నిలకడ గోళాకార గుచ్ఛాలకూ, చిన్న గ్రహ నీహారికలకూ (చనిపోతున్న నక్షత్రాలు విడిచిన వాయు మేఘాలు) కావాలి.

టెలిస్కోప్ సిద్ధం చేయడం

చీకటి పడకముందే టెలిస్కోప్ బయట పెట్టండి. గదిలోంచో కారులోంచో వచ్చిన అద్దం బయటి చల్లదనానికి సర్దుకోవడానికి 30 నుంచి 60 నిమిషాలు పడుతుంది. ఆలోగా అద్దం పైనుంచి లేచే వేడిగాలి వల్ల నక్షత్రాలు ఉబ్బినట్టు కనబడతాయి. దీన్ని చాలామంది ఫోకస్ లోపం అనుకుని ఫోకసర్ (ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, అమర్చే గొట్టం) తిప్పుతూనే ఉంటారు.

ఫైండర్‌ని (గురి చూసుకోవడానికి ట్యూబు మీద ఉండే చిన్న సాధనాన్ని) వెలుతురుండగానే సరిచేసుకోండి. కనీసం అర కిలోమీటరు దూరంలోని సెల్ టవర్ కొనను 25 మి.మీ. ఐపీస్ నడిమధ్యకు తెచ్చి, ఫైండర్ మరలు తిప్పి దాన్నీ అదే కొన మీదికి తేవాలి. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే ఈ పని. ఎరుపు చుక్క ఫైండర్ ఒకటి, 50 మి.మీ. ఆప్టికల్ ఫైండర్ ఒకటి, రెండూ ఉంటే వెతుకులాట సగం తగ్గుతుంది.

తర్వాత కాలిమేషన్, అంటే అద్దాలను ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడేలా సర్దడం. ఫోకసర్‌లోంచి చూసినప్పుడు ట్యూబు నోటి దగ్గరి చిన్న అద్దంలో అడుగున ఉన్న పెద్ద అద్దం మొత్తం కనబడాలి. చిన్న అద్దం మరలతో పెద్ద అద్దం మధ్యనున్న గుర్తును నడిమికి తేవాలి, చివరగా వెనకున్న మూడు మరలతో పెద్ద అద్దాన్ని సరిచేయాలి. లేజర్ కాలిమేటర్ వాడితే ముందు దాన్నే అనుమానించండి: ఫోకసర్‌లో నెమ్మదిగా తిప్పినప్పుడు అద్దం మీది ఎర్రచుక్క సున్నా చుడితే లేజర్ వంకరగా ఉన్నట్టే, దానితో సరిచేస్తే టెలిస్కోప్ ఇంకా చెడుతుంది. అసలు తీర్పు నక్షత్రానిదే. 200 రెట్ల దగ్గర రెండో మాగ్నిట్యూడ్ నక్షత్రాన్ని నడిమధ్య పెట్టి, ఫోకస్ కొంచెం చెడగొట్టండి. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే వెనక మరను పావు చుట్టుకు మించకుండా తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ నడిమికి తెచ్చి చూడాలి.

మంచు పడే రాత్రుల్లో ముందు ఫైండర్, ఐపీస్, ఆ తర్వాత చిన్న అద్దం మసకబారతాయి. వస్తువులు ఒక్కొక్కటే పలచబడుతుంటే మబ్బు పట్టిందనుకునే ముందు ఐపీస్ మీద ఎర్ర టార్చి వేసి చూడండి. ట్యూబు నోటికి నల్లటి ఫోమ్ షీట్ చుట్టి, 30 సెం.మీ. ముందుకు పొడిగిస్తే చాలాసేపు ఆగుతుంది. తడిసిన అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి.

కళ్లు

కంటిపాప పెద్దదవడానికి కొన్ని సెకన్లు చాలు. కానీ రెటీనాలో మసక వెలుగును పట్టే రాడ్ కణాల్లో రొడాప్సిన్ అనే పదార్థం తిరిగి పేరుకోవడానికి 30 నిమిషాలైనా పడుతుంది. ఒక్క ఫోన్ వెలుగు పడితే మళ్లీ మొదటికి. ఫోన్‌లో స్టెల్లారియం వంటి యాప్ వాడతారు కదా, అందులో ఎరుపు మోడ్ పెడితే సరిపోదు, స్క్రీన్ నుంచి తెల్లటి వెలుగు కొంత కారుతూనే ఉంటుంది. స్క్రీన్ మీద ముదురు ఎరుపు ఫిల్మ్ రెండు పొరలు అంటించి, బ్రైట్‌నెస్ అట్టడుగుకు తగ్గించండి. ఇంకా మంచి పని: ఆ రాత్రి చూడాల్సిన వాటి పటాలు ముందే కాగితం మీద ప్రింట్ తీసుకోవడం.

తల మీద నల్లటి దుప్పటి కప్పుకుని ఐపీస్‌లోకి చూడండి. చుట్టుపక్కల వెలుగు ఆగిపోయి, మసకగా ఉన్న గెలాక్సీ రూపం కళ్ల ముందే తేలుతుంది. ఖర్చు లేని ఉపాయాల్లో దీన్ని మించింది లేదు. కూర్చునే చూడండి, ఎత్తు సర్దుకునే స్టూలు ఉంటే మరీ మంచిది. వంగి నిలబడితే మెడ వణుకుతుంది, ఊపిరి బిగబడుతుంది, చూపు నిలవదు. ఊపిరి బిగబట్టొద్దు, కంటికి ఆక్సిజన్ తగ్గితే ముందు పోయేది మసక వెలుగును పట్టే శక్తే.

మాగ్నిఫికేషన్

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కొందరు మొదటిరోజే 300 రెట్లు పెడతారు, మరికొందరు “గెలాక్సీలకు తక్కువ పవర్ మంచిది” అని విని 25 మి.మీ. ఐపీస్ దాటరు.

తెలుసుకోవాల్సింది ఎగ్జిట్ ప్యూపిల్, అంటే ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి కట్ట వెడల్పు. ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ని టెలిస్కోప్ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వస్తుంది. మన ఎఫ్/6 టెలిస్కోప్‌లో 30 మి.మీ. ఐపీస్ 40 రెట్లు పెంచుతుంది, ఎగ్జిట్ ప్యూపిల్ 5 మి.మీ. 15 మి.మీ. అయితే 80 రెట్లు, 2.5 మి.మీ. 10 మి.మీ. అయితే 120 రెట్లు, దాదాపు 1.7 మి.మీ. 6 మి.మీ. అయితే 200 రెట్లు, 1 మి.మీ. ఈ నాలుగూ చాలు. డబ్బు తక్కువైతే 25 మి.మీ., 10 మి.మీ.తో మొదలుపెట్టండి.

40 నుంచి 80 రెట్లకు వెళ్తే గెలాక్సీ ఉపరితల కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది, నిజమే. కానీ వెనక ఆకాశమూ అంతే పడిపోతుంది, రెంటి నిష్పత్తి మారదు. మారేది సైజు. చీకట్లో కన్ను చిన్న మసకను గుర్తించలేదు, అదే నిష్పత్తిలో పెద్ద మసకను గుర్తిస్తుంది. అందుకే చిన్న గెలాక్సీలకు 80 నుంచి 120 రెట్లు, అంటే ఎగ్జిట్ ప్యూపిల్ 2 మి.మీ. అటూఇటూ, చాలాసార్లు 40 రెట్ల కంటే ఎక్కువ చూపిస్తాయి. మరీ పెంచితే వెలుగు కన్ను పట్టగల హద్దు కిందికి జారిపోతుంది. ప్రతి వస్తువునూ తక్కువ పవర్‌తో వెతకండి, దొరికాక ఒక్కో మెట్టు పెంచండి, రూపం చెదిరిపోగానే ఒక మెట్టు దిగండి.

పెద్ద వస్తువుల సంగతి వేరు. ఆండ్రోమెడా గెలాక్సీ ఎం31 మూడు డిగ్రీలు పరుచుకుంది. 25 మి.మీ. ప్లోసల్ రకం ఐపీస్‌లో కనబడేది ఒక డిగ్రీ మాత్రమే. కాబట్టి మీరు చూసేది దాని నడిభాగం, అంతే. “చిన్న మసక ముద్దే కనబడింది, గెలాక్సీ దొరకలేదు” అనేవాళ్లు నిజానికి దాన్నే చూస్తుంటారు. టెలిస్కోప్‌ను ఇటూ అటూ నెమ్మదిగా జరిపితే ఆకాశం ఎక్కడ నల్లబడుతుందో తెలుస్తుంది, గెలాక్సీ అంచు అదే.

వెతకడం: చిత్త నుంచి ఒమెగా సెంటారీ దాకా

ఉత్తర ఐరోపా వాళ్లకు కనబడని గోళాకార గుచ్ఛం ఒమెగా సెంటారీ మన దగ్గర 17 డిగ్రీల అక్షాంశం నుంచి 25 డిగ్రీలకు పైగా లేస్తుంది. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి, మే మధ్యలో రాత్రి పదికి సరిగ్గా దక్షిణాన ఉంటుంది. వెతకడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

చిత్త నక్షత్రం దక్షిణాన అత్యంత ఎత్తుకు వచ్చేదాకా ఆగండి. ఒమెగా సెంటారీ దాదాపు అదే రేఖ మీద, 36 డిగ్రీల కింద ఉంటుంది. చేయి చాచి పిడికిలి పడితే 10 డిగ్రీలు, కాబట్టి మూడున్నర పిడికిళ్లు కిందికి దిగండి. ఆ ఎత్తులోనే తూర్పు పక్కన జీటా సెంటారీ అనే రెండున్నర మాగ్నిట్యూడ్ నక్షత్రం కనబడుతుంది. దాని నుంచి పడమరకు దాదాపు 5 డిగ్రీలు జరిగితే ఫైండర్‌లో ఫోకస్ కుదరని నక్షత్రంలా ఉంటుంది. చీకటి ఊళ్లో మామూలు కంటికీ కనబడుతుంది. 48 రెట్ల దగ్గర పాలమరక, 80 రెట్లకు ఇసుక చల్లినట్టు, గాలి నిలకడగా ఉంటే 120 రెట్లకు నడిమధ్య దాకా విడివిడి నక్షత్రాలు.

అక్కడి నుంచి సరిగ్గా ఉత్తరానికి నాలుగున్నర డిగ్రీలు, అంటే 25 మి.మీ. ఐపీస్ చూపే మేర నాలుగున్నర సార్లు జరిగితే ఎన్‌జీసీ 5128 (ఎన్‌జీసీ అన్నది ఇంకో జాబితా), సెంటారస్ ఎ గెలాక్సీ. గుండ్రటి మసక, దాన్ని రెండుగా కోసే నల్లటి పట్టీ. ఆ పట్టీ 80 నుంచి 120 రెట్ల మధ్య బాగా తెలుస్తుంది. పట్టీ కనబడకపోతే దక్షిణాన పొగమంచు ఉన్నట్టు, ఇంకోరోజు ప్రయత్నించాలి.

న్యూటోనియన్‌లో (మన డాబ్సోనియన్ లాంటి అద్దపు టెలిస్కోప్‌లో) బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి దిక్కులు తికమక పడతాయి. ట్యూబును కదపకుండా వదిలేయండి, నక్షత్రాలు ఏ అంచు నుంచి బయటికి పోతాయో అది పడమర.

డాబ్సోనియన్‌కి నడినెత్తి దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ట్యూబు దాదాపు నిట్టనిలువుగా ఉన్నప్పుడు కొంచెం పక్కకు జరపాలన్నా అడుగుభాగం మొత్తం తిరగాలి. మన అక్షాంశాల్లో ఈ బెడద మరీ ఎక్కువ, ఎందుకంటే పుష్యమిలోని తేనెతుట్టె గుచ్ఛం ఎం44, క్రాబ్ నెబ్యులా ఎం1, కన్యారాశిలోని గెలాక్సీల గుంపు, అన్నీ నడినెత్తికి అయిదారు డిగ్రీల్లోపు నుంచే దాటుతాయి. వాటిని నెత్తి మీదికి రావడానికి గంటన్నర ముందు గానీ, దాటాక గంటన్నర తర్వాత గానీ చూడండి.

చూడటం

దొరికిన వెంటనే ఇంకో వస్తువుకు పరుగెత్తొద్దు. ఒక్కోదానికి కనీసం 10 నిమిషాలివ్వండి. మొదటి నిమిషంలో మసక మాత్రమే కనబడుతుంది, అంచులూ నల్లటి పాయలూ తర్వాత వస్తాయి.

నేరుగా చూస్తే బొమ్మ రెటీనా నడిభాగంలో పడుతుంది. అక్కడ రాడ్ కణాలు లేవు. అందుకే పక్కచూపు: వస్తువు నడిమధ్యలో ఉండగా చూపును పక్కకు జరపాలి, మనసు మాత్రం వస్తువు మీదే ఉండాలి. ఏ పక్కకు అన్నది ముఖ్యం. కుడికన్నుతో చూస్తే చూపు వస్తువుకు కుడివైపున, ఎడమకన్నుతో చూస్తే ఎడమవైపున నిలపాలి, అప్పుడు వస్తువు మీ ముక్కు వైపు పడుతుంది. దీనికి వ్యతిరేకంగా చేస్తే అది కంటి గుడ్డిచుక్క మీద పడి మాయమవుతుంది. పక్కచూపు పనిచేయడం లేదనేవాళ్లలో కొందరి కష్టం ఇదే.

ఇంకా అనుమానంగా ఉంటే ట్యూబును వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసకను కన్ను త్వరగా పట్టుకుంటుంది. సప్తర్షి మండలం తోక చివరి నక్షత్రానికి మూడున్నర డిగ్రీల దూరంలోని ఎం51 మీద సాధన చేయండి. మొదట రెండు మసక ముద్దలు కనబడతాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మంచి చీకట్లో కొంతసేపటికి పెద్దదాని చుట్టూ వెలుగు సమంగా లేదని తెలుస్తుంది. సర్పిల భుజాల మొదటి సూచన అదే, 8 అంగుళాలతో అంతకంటే స్పష్టంగా చూడాలంటే చాలా మంచి రాత్రి కావాలి.

రంగుల మీద ఆశ పెట్టుకోవద్దు. మసక వెలుగులో రంగును పట్టే కోన్ కణాలు పనిచేయవు, ఫొటోలో ఎరుపు కెమెరా నిమిషాల తరబడి పోగుచేసినది. మినహాయింపులు ఉపరితల కాంతి ఎక్కువగా ఉన్నవి. మృగశిర ఉన్న నక్షత్ర మండలంలోని ఒరాయన్ నెబ్యులా ఎం42 నడిభాగంలో లేతాకుపచ్చ, గ్రహ నీహారికలు ఎన్‌జీసీ 3242, ఎన్‌జీసీ 7662ల్లో నీలికలిసిన ఆకుపచ్చ తెలుస్తాయి. వీటికి 120 నుంచి 200 రెట్లు వాడండి.

ఫిల్టర్లు

ఫిల్టర్ అంటే ఐపీస్‌కు బిగించే, కొన్ని రంగుల కాంతినే పంపే గాజు. ఒక్కటే కొనాలంటే యూహెచ్‌సీ రకం కొనండి. నీహారికల్లో ఆక్సిజన్ వెలువరించే 495.9, 500.7 నానోమీటర్ల కాంతినీ, హైడ్రోజన్ బీటా 486.1నీ పంపి, మిగతా ఆకాశపు వెలుగును ఆపుతుంది. రాడ్ కణాలు ఎక్కువగా స్పందించేది కూడా 500 దగ్గరే. ఆక్సిజన్ కాంతిని మాత్రమే పంపే ఓ-త్రీ ఫిల్టర్ ఇంకా సన్నం. హంసరాశిలోని వీల్ నెబ్యులాకి 40 రెట్ల దగ్గర అది పెడితే, ఏమీ లేనిచోట దారపు పోగులు తేలతాయి. ఫిల్టర్‌తో ఎగ్జిట్ ప్యూపిల్ 3 నుంచి 5 మి.మీ. ఉంచండి, తగ్గితే అంతా నల్లగా మిగులుతుంది.

గెలాక్సీలకు, గుచ్ఛాలకు, ఎం78 లాంటి పరావర్తన నీహారికలకు ఇవి పనికిరావు. అవి నక్షత్రాల కాంతి, అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ ఉంటుంది. వీధుల్లో ఎల్‌ఈడీలు వచ్చాక వాటి వెలుగు కూడా అంతటా పరుచుకుంది కనుక, “లైట్ పొల్యూషన్ ఫిల్టర్” అని అమ్మే వెడల్పాటి రకాలకు డబ్బు పెట్టకండి. ఆ డబ్బు పెట్రోలుకు పెట్టి ఊరు దాటండి.

రాసుకోవడం, సర్దుకోవడం

10 సెం.మీ. వృత్తం గీసుకుని, ముందు ప్రకాశవంతమైన నక్షత్రాలు, తర్వాత మసక ఆకారం పెన్సిల్‌తో గీయండి. తేదీ, సమయం, ఐపీస్, ఆకాశం ఎలా ఉందో పక్కన రాయండి. బొమ్మ అందంగా రానవసరం లేదు. గీయాలంటే ఎటు సన్నబడింది, ఎక్కడ ప్రకాశవంతంగా ఉంది అని చూడక తప్పదు. గీత సరిచూసుకోవడానికి ఫొటోలు తర్వాత చూడండి. ముందే చూస్తే కన్ను చూడనిదాన్ని చెయ్యి గీసేస్తుంది.

ఇంటికొచ్చాక తడి ఉన్న టెలిస్కోప్‌కు మూత పెట్టొద్దు. ట్యూబును నోరు కిందికి ఉండేలా వాల్చి, మూతలు తీసి, గాలి ఆడే నీడలో పూర్తిగా ఆరనివ్వండి. కోస్తా తేమలో మూసిపెట్టిన ఐపీసులకు బూజు పడుతుంది, లెన్స్ పొరల్లోకి వెళ్తే పోదు. ఐపీస్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టండి. అద్దం మీద దుమ్ము కనబడినా ఏడాదికోసారి కంటే ఎక్కువ కడగక్కర్లేదు. పలచటి దుమ్ము కంటే తరచూ కడగడమే అద్దానికి ఎక్కువ హాని చేస్తుంది.